మిగ్‌ని తెచ్చుకుంటారు సరే, తుడిచేదెవరు?

పాఠకుల ప్రశ్నలకు ఈ వారం జవాబులు: వైమానిక దళంలో 20 ఏళ్ళు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా (విమానం బాడీ పనులు చూసే మెకానిక్‌గా) చేసి, సార్జెంట్‌గా బయటికొచ్చి, విజయవాడ పటమటలో స్థిరపడిన మా పాత పాఠకుడు.

ప్రశ్న: గుంటూరులో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. 2025 సెప్టెంబరులో మిగ్-21 యుద్ధ విమానాలకి వీడ్కోలు చెప్పడం టీవీలో చూసిన దగ్గర్నుంచి మా కాలేజీ పూర్వ విద్యార్థులకి ఒకటే పట్టుదల. తుక్కు కింద పోయే వాటిలో ఒకటి అడిగి తెచ్చి కాలేజీ గేటు ముందు పెట్టాలట. తలా కొంత వేసుకుంటే 12 లక్షల దాకా పోగయ్యేలా ఉంది. ముక్కు ఆకాశం వైపు పెట్టి, ఎగురుతున్నట్టు స్తంభం మీద నిలబెట్టాలని వాళ్ళ సరదా. ఎవరిని అడగాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మాస్టారూ, అడగడం తేలిక. కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి ఢిల్లీలో వైమానిక దళ ప్రధాన కార్యాలయానికి పంపండి. కలెక్టరుగారో ఎంపీగారో ఒక మాట సాయం చేస్తే ఫైలు కాస్త చురుగ్గా కదులుతుంది. ఇలాంటివి విడి మనుషులకి ఇవ్వరు. సంస్థలకి, ప్రభుత్వాలకి ఇస్తారు. విప్పి, లారీకెక్కించి, తెచ్చి, నిలబెట్టే ఖర్చంతా మీదేననుకుని లెక్క వేసుకోండి. పైలట్ సీటు కింద అతన్ని బయటికి ఎగరేసే కార్ట్రిడ్జిలు ఉంటాయి. అవి తీసేశామని కాగితం మీద రాయించుకోనిదే ఒక్క పిల్లవాణ్ణి కూడా కాక్‌పిట్‌లో కూర్చోబెట్టకండి. ఫొటో కోసమైనా సరే.

మీవాళ్ళ ఆరాటాన్ని నేను తప్పు పట్టను. 1963లో చండీగఢ్‌లో 28వ స్క్వాడ్రన్‌తో మొదలైన విమానం 2025 సెప్టెంబరు 26న మళ్ళీ ఆ చండీగఢ్‌లోనే సెలవు తీసుకుంది. 62 ఏళ్ళు! మొత్తం 870కి పైగా మన దళంలోకి వచ్చాయి, ఎక్కువ భాగం నాసిక్‌లో మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్ళు కట్టినవే. 1971 డిసెంబరు 14న ఢాకాలో గవర్నర్ బంగళా మీద పడ్డవి ఈ జాతి విమానాలే. నేను చేతులు పెట్టింది టైప్ 77 మీద, బయటివాళ్ళు ఎఫ్‌ఎల్ అంటారు. తేజ్‌పూర్‌లో ఆరేళ్ళు దాని కిందే పడుకుని పనిచేశాను. 2013 డిసెంబరు 11న కలైకుండలో ఆ టైపుని ఆఖరిసారి ఎగరేశారని పేపర్లో చదువుకుని ముభావంగా కూర్చుంటే, మా ఆవిడ వచ్చి "ఎవరు పోయారండీ?" అంది.

లారీ గురించి బెంగ పెట్టుకోకండి. మిగ్-21 రెక్క కొస నుంచి రెక్క కొసకి 7 మీటర్ల పైచిలుకు, అంతే. బోల్టులు విప్పితే రెక్కలు ఊడొస్తాయి. ఇంజను మార్చాల్సినప్పుడు తోక భాగాన్ని మొత్తంగా వెనక్కి లాగేసేవాళ్ళం, అగ్గిపెట్టె అరలాగా. విశాఖలో నౌకాదళం వాళ్ళ పెద్ద విమానం టీయూ-142 చూశారు కదా, దాని రెక్కలు 50 మీటర్లు. దాన్నే ముక్కలుగా విప్పి, రోడ్డు మీద ఆర్కే బీచ్‌కి తెచ్చి, మళ్ళీ కలిపి 2017లో మ్యూజియం చేశారు. దాని ముందు మీ మిగ్ ఎంత?

అసలు కష్టం అది వచ్చిన మూడో ఏడు మొదలవుతుంది. ఒకటి చెప్తాను వినండి. మన కోస్తాలోనే ఒక ఊళ్ళో, పేరెందుకు లెండి, ఒక సంస్థ ఆవరణలో ఇలాగే ఒక ఫైటర్‌ని పెట్టారు. రిపబ్లిక్ డేకి నన్ను పిలిచి శాలువా కప్పారు. జెండా అయ్యాక విమానం దగ్గరికి వెళ్ళాను. దూరం నుంచి వెండిగిన్నెలా తళతళలాడుతోంది. దగ్గరికెళితే టైర్లు నేలకి అతుక్కుపోయి చపాతీల్లా ఉన్నాయి. కానోపీ, అంటే పైలట్ తల మీది పారదర్శకమైన మూత, ఎండకి పాలు కలిపినట్టు తెల్లబడింది. ఇంజను గాలి పీల్చుకునే ఇన్‌టేక్ మూతి మీద కప్పే మూత లేదు, లోపల తేనెపట్టు. పండక్కి ముందు తలుపులకి వేసే సిల్వర్ పెయింట్ కొట్టించారట, దానికి ముందు ఇనుప బ్రష్‌తో "శుభ్రంగా" రుద్దించారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆ సంస్థ పెద్దాయన ముఖంలో ఎంత సంతోషమో! నేనేమనగలను?

పొట్ట కింద వంగి చూశాను. నీళ్ళు కారిపోవడానికి అక్కడ వరసగా చిన్న చిన్న చిల్లులు ఉంటాయి. అన్నీ పెయింటుతో పూడుకుపోయాయి. పక్కనే స్టాండులో ఉన్న పాత సైకిలుకి ఊడి వేలాడుతున్న పుల్ల ఒకటి పీకి, ఒక చిల్లులో గుచ్చాను. మొదట ఏమీ రాలేదు. రెండోసారి తిప్పేసరికి నల్లటి నీళ్ళు బుడబుడమని నా బూట్ల మీద పడ్డాయి. అర బిందెడు ఉంటాయి. చచ్చిన తొండ వాసన. ఎన్ని వానాకాలాల నీళ్ళో ఏమో. ఆ నీళ్ళు పోయాక రివెట్ల చుట్టూ వేలితో రాస్తే, ఉప్పు పూసినట్టు తెల్లటి పొడి వచ్చింది. రేకు పొరలు పొరలుగా ఉబ్బి ఉంది, పప్పుచెక్క లేచినట్టు. నాకు శాలువా కప్పారు గానీ, దాన్ని ఆ విమానానికి కప్పి ఉంటే ఇంకాస్త పుణ్యమొచ్చేది.

అల్యూమినియం తుప్పు పట్టదంటారు. ఆ అన్నవాళ్ళని తేజ్‌పూర్ వానలో ఒక్క ఆషాఢం ఉండి చెప్పమనండి. విమానం రేకు వంటింటి గిన్నె అల్యూమినియం కాదు. బలం కోసం అందులో 4 శాతం దాకా రాగి కలుపుతారు. ఆ రాగి వల్లే బలం, ఆ రాగి వల్లే జబ్బు. అందుకని రేకుకి రెండు పక్కలా స్వచ్ఛమైన అల్యూమినియంని కాగితమంత పల్చగా అతికిస్తారు. ఇనుప బ్రష్ పెడితే ముందు పోయేది ఆ పొరే. పైగా బ్రష్ నుంచి రాలిన ఇనుప నలుసు రేకులో ఇరుక్కుంటుంది. చెమ్మ తగలగానే అక్కడ గుంట పడుతుంది. స్టీలు బోల్టు అల్యూమినియాన్ని తాకే ప్రతి చోటా ఇదే తంతు.

స్తంభం ఆలోచన మానుకోమని చేతులు పట్టుకుని చెబుతున్నాను. స్తంభమెక్కిన విమానాన్ని మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. ముక్కు పైకెత్తితే లోపల నీళ్ళన్నీ తోకలో చేరతాయి. ఇంకోటి, మనది తుపాన్ల తీరం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. రెక్క అన్నది గాలి తగిలితే లేవడానికే పుట్టింది. ఇంజను తీసేసినా దానికి ఆ సంగతి తెలియదు. నేల మీద సిమెంటు దిమ్మె కట్టండి, దాని మీద మూడు ఉక్కు స్టాండ్లు వేసి విమానం బరువు వాటి మీద ఉంచండి, టైర్లు ఊరికే తాకుతూ ఉంటే చాలు. మూడు చోట్ల గొలుసు వేసి కట్టండి. దిమ్మె కాస్త ఎత్తుగానే కట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో చూశాం కదా. పైన రేకుల షెడ్డు వేస్తే ఇక నేను మీకు దణ్ణం పెడతాను. ఫొటోలకి అందంగా ఉండదని మీవాళ్ళు అంటారు. అననివ్వండి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆ 12 లక్షల్లో 6 లక్షలు ముట్టుకోకుండా బ్యాంకులో వేయండి. 7 శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏడాదికి 42 వేలు, అంటే నెలకి 3,500. వారానికో పూట ఒక మనిషి వచ్చి మెత్తటి గుడ్డతో మంచినీళ్ళు పెట్టి తుడవడానికి, చిల్లులు పొడవడానికి, పిట్టగూళ్ళు తీయడానికి అది సరిపోతుంది. మా దగ్గర ప్రతి విమానానికి ఫారం 700 అని ఒకటి ఉండేది. ఎవరు ఏ బోల్టు విప్పారో, ఎవరు బిగించారో, ఎవరు సరిచూశారో అందులో సంతకంతో సహా ఉండేది. మీరూ ఒక లాంగ్‌నోట్‌బుక్ కొని ప్రిన్సిపాల్ గదిలో పెట్టండి. తుడిచిన మనిషి తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకంలో వరసగా రెండు నెలలు ఖాళీ కనపడితే, విమానం పోయినట్టే లెక్క.

మిగిలిన 6 లక్షలతో తేవడం, దిమ్మె, షెడ్డు అన్నీ అయిపోతాయా అంటే, మీ ఇంజనీరుతో ముందే లెక్క వేయించుకోండి. చాలకపోతే మొత్తం విమానం అడగకండి. కాక్‌పిట్ ఉన్న ముక్కు భాగం ఒక్కటే దొరుకుతుందేమో అడగండి. వరండాలో, కప్పు కింద, తలుపుకి తాళం వేసుకునేలా పెట్టుకోవచ్చు. నా మటుకు నేను వానలో నానే మొత్తం విమానం కన్నా నీడలో ఉన్న ముక్కునే కోరుకుంటాను. కెనడాలో యారో అనే యుద్ధ విమానాన్ని 1959లో రద్దు చేసి, కట్టినవాటన్నిటినీ కోసి పారేశారు. ఒక్క ముక్కు భాగం మిగిలింది. ఒట్టావా మ్యూజియంలో జనం ఇప్పటికీ దాని ముందే నిలబడతారు. మనం విమానాలు మోసే పాత విక్రాంత్ యుద్ధ ఓడని 1997లో విరమింపజేసి, ముంబైలో 2012 దాకా మ్యూజియంగా నడిపి, ఖర్చు భరించలేక 2014లో తుక్కుకి అమ్మేశాం. దాని ఉక్కుతో మోటార్‌సైకిళ్ళు వచ్చాయి. అంత పెద్ద ఓడకే ఆ గతి పట్టింది.

మీ కమిటీ మీటింగులో ముందు ఈ ప్రశ్న అడగండి: వారానికోసారి తుడిచేదెవరు? చెయ్యి ఎత్తినవాడి పేరు రాసుకున్నాకే ఢిల్లీకి ఉత్తరం రాయండి.

ప్రశ్న: మాది ఆటోనగర్‌లో అల్యూమినియం, పాత ఇనుము వ్యాపారం. పాత యుద్ధ విమానాలని కరగబెడుతున్నారని ఎక్కడో చూసి, మా అబ్బాయి నన్ను కసాయివాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. బస్సుని కోస్తే లేని బాధ విమానానికేమిటండీ? సర్కారు వేలం వేస్తేనే కదా ఎవరైనా కొనేది?

జవాబు: మీ తప్పేం లేదు. మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. 870 మిగ్‌లనీ దాచుకోవాలంటే మన దేశంలో ఊళ్ళు చాలవు. ప్రభుత్వ తుక్కు ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ వేలాల్లో అమ్ముడవుతుంది, అందులో దాపరికమేం లేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా వాళ్ళు ఆరిజోనాలో కింగ్‌మన్ అనే చోట వేల బాంబర్లని వరసగా కోసి, అక్కడే కొలిమి పెట్టి దిమ్మెలు పోశారు. అదే రోజుల్లో మెంఫిస్ ఊరివాళ్ళు తమ ఊరి పేరున్న ఒక్క బాంబర్‌ని 350 డాలర్లకి కొనుక్కున్నారు. ఇప్పుడు దాని విలువ కట్టగలిగేవాళ్ళెవరు? అన్నిటినీ కాపాడమని ఎవరూ అనడం లేదు. కాటా మీద పెట్టేముందు ఒక్కసారి దాని నంబరు చూడమంటున్నారు, అంతే.

మీకు నచ్చే కథ ఒకటి చెప్తాను, ఎందుకంటే ఇది అచ్చంగా ఆటోనగర్ బుర్ర. యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్ళు కాన్పూర్‌లో పదుల కొద్దీ లిబరేటర్ బాంబర్లని వదిలేసి వెళ్ళారు. అవి అమెరికావి, ఒప్పందం ప్రకారం తిరిగివ్వాలి, లేదా పనికిరాకుండా చేయాలి. వాళ్ళు రెండోదే చేశారు. 1948లో మనకి బాంబర్లు కావాల్సొచ్చాయి, కొనడానికి డబ్బుల్లేవు. హెచ్‌ఏఎల్ వాళ్ళు కాన్పూర్ వెళ్ళి దీని చక్రం దానికి, దాని మీటరు దీనికి పెట్టి, ఎగిరేంత వరకు బాగుచేసి బెంగుళూరుకి ఎగరేసుకుపోయారు. అక్కడ విప్పి పూర్తిగా సరిచేశారు. 40కి పైగా అలా లేచాయి. రెండు యాక్సిడెంట్ లారీల్లోంచి ఒక మంచి లారీ తీసే మీ మేస్త్రీలకి ఇది కొత్తగా అనిపించదు. ఆ లిబరేటర్లు 1968 దాకా మన దళంలో ఎగిరాయి. అమెరికాలో 18 వేలకు పైగా కట్టిన విమానమది. అక్కడ దాదాపు అన్నీ కరిగిపోయాయి. చివరికి మ్యూజియాలకి కావాల్సొచ్చి మన దగ్గరికే వచ్చారు. బ్రిటన్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్నది, ఒట్టావాలో ఉన్నది, ఆరిజోనా టూసన్‌లో ఉన్నది, మూడూ మన కాన్పూర్ తుక్కే. ఒకటి ఢిల్లీ పాలంలో మన మ్యూజియంలో ఉంది.

వ్యాపారం సంగతి కూడా ఒకటి. ఎప్పుడైనా విమానం సరుకు వస్తే, చక్రాల దిమ్మలు, గేర్‌బాక్సు పెట్టెలు తేలిగ్గా, బూడిద రంగులో ఉంటే గ్యాస్ కట్టింగ్ పెట్టకండి. అవి మెగ్నీషియం కావచ్చు. అంటుకుంటే నీళ్ళు పోసినకొద్దీ మండుతుంది. పొడి ఇసుక బకెట్లు పక్కన ఉంచుకోండి. చీకట్లో మెరిసే మీటర్లు ఏవైనా కనపడితే పగలగొట్టకుండా పక్కన పెట్టించండి. ఎందుకో కింద ఇంకో ఉత్తరంలో చెప్పాను.

ప్రశ్న: నేను మంగళగిరిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఒకసారి నిలబెట్టేసిన విమానం మళ్ళీ ఎగరగలదా తాతగారూ?

జవాబు: ఎగరగలదమ్మా, డబ్బూ ఓపికా ఉంటే. 1947 అక్టోబరు 27న మన సైనికుల్ని మోసుకుని శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటా రవాణా విమానం నంబరు వీపీ905. ఆ రకం విమానం ఒకటి ఐర్లాండ్‌లో తుక్కు కింద పోతుంటే 2011లో రాజీవ్ చంద్రశేఖర్‌గారు కొన్నారు. వాళ్ళ నాన్నగారు మన దళంలో డకోటా పైలట్. ఇంగ్లండులో ఏళ్ళ తరబడి బాగుచేయించి, పాత నంబరే వేయించి వైమానిక దళానికి బహుమతిగా ఇచ్చారు. 2018 ఏప్రిల్‌లో అది అక్కడి నుంచి ఎగురుకుంటూ మన దేశానికి వచ్చింది. పరశురామ అని పేరు పెట్టారు. కానీ డకోటా నెమ్మదైన విమానం. మిగ్‌లాంటి జెట్‌కి ఇంజను, విడి భాగాలు, నేర్చిన చేతులు అన్నీ కావాలి. నిలబెట్టిన మిగ్ మళ్ళీ లేవడం కల్ల. నువ్వు పెద్దయ్యాక నేను చెప్పింది తప్పని చూపిస్తే నాకు సంతోషమే.

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మావారు వైమానిక దళంలో నాట్ అనే చిన్న యుద్ధ విమానాల మీద పనిచేసేవారు. పోయి నాలుగేళ్ళయింది. ఆయన పెట్టెలో గుండ్రటి పాత మీటరు ఒకటి దొరికింది. అంకెలు లేత పసుపు రంగులో ఉన్నాయి, చీకట్లో మెరవడం లేదు. అద్దం మసకబారింది. తెరిచి శుభ్రం చేయించి హాల్లో ఆయన ఫొటో పక్కన పెడదామనుకుంటున్నాను. మా పిల్లలు అమ్మేయమంటున్నారు.

జవాబు: అమ్మా, అమ్మకండి, తెరవకండి. ముందు తెరవకపోవడం గురించి చెబుతాను. ఆ రోజుల్లో కొన్ని మీటర్ల అంకెలకి రేడియం కలిపిన రంగు వేసేవారు. రాత్రిపూట పైలట్‌కి కనపడాలని. చీకట్లో మెరవడం లేదు కాబట్టి చచ్చిపోయిందనుకోకూడదు. మెరిసే పదార్థం అరిగిపోతుంది గానీ రేడియం సగం తరగడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అన్ని పసుపు అంకెలూ రేడియం కావు, మీది కాకపోవచ్చు కూడా. కానీ కళ్ళతో చూసి తేల్చే సంగతి కాదు అది. అద్దం బిగిసి ఉన్నంతవరకూ రంగు పొడి బయటికి రాదు. ఆ పొడి ఊపిరితోనో చేతి గోళ్ళతోనో లోపలికి పోవడమే ప్రమాదం. అందుకని పైన తడిగుడ్డతో తుడవండి, గుడ్డ పారేయండి, చేతులు కడుక్కోండి. గాజు తలుపున్న అలమరలో, మంచానికి దూరంగా, మనవల చేతికి అందనంత ఎత్తులో పెట్టండి. ఎప్పుడైనా అద్దం పగిలితే మాత్రం చీపురు పట్టకండి. గది తలుపు వేసి, ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలిని అడిగి వాళ్ళు చెప్పినట్టు చేయండి.

మీవారి విమానం చూడాలనుంటే, ఢిల్లీ వెళ్ళినప్పుడు పాలం మ్యూజియంలో నాట్ ఉంది. దగ్గరకెళితే ఇంత చిన్నదా అనిపిస్తుంది. రెక్కలు 22 అడుగులే, మన అంబాసిడర్ కారు పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉంటుందేమో. 1965లో దాన్ని పాకిస్తాన్ సేబర్ విమానాల పాలిట యముడని పిలిచేవారు. 1971లో శ్రీనగర్ మీద ఒంటరిగా పోరాడి పరమవీర చక్ర పొందిన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపింది కూడా నాటే. అలాంటి వాటిని రాత్రికి రాత్రి సిద్ధం చేసి పొద్దున్నే పైలట్‌కి అప్పగించినవాళ్ళలో మీవారూ ఒకరు.

మీటరు వెనకవైపు ఒక చిన్న పలక ఉంటుంది, అక్షరాలూ అంకెలూ చెక్కి ఉంటాయి. పట్టపగలు, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఫొటో తీయించి పంపండి. అది దేనికి వాడే మీటరో, వీలైతే ఏ విమానందో చెప్తాను.